ముఖ చర్మ సంరక్షణలో మొక్కల నూనెలు

నూనెగింజలు, పప్పులు, పండ్ల గుజ్జు నుంచి తీసిన నూనెలను ముఖానికి వాడటం చాలా పాత అలవాటు, దాదాపు ప్రతి దేశంలోనూ ఉన్న అలవాటు. చర్మంలో తేమ నిలవడానికి, మురికినీ అలంకరణనూ తొలగించడానికి, మూలికల సారాన్ని చర్మానికి పట్టించడానికి వీటిని వాడతారు. ‘ఫేస్ ఆయిల్’ అని చిన్న సీసాల్లో అమ్మేవీ, ఇంట్లో కొబ్బరి కోరు పాలు కాచి తీసుకునేవీ రసాయనికంగా ఒకే కుటుంబానివి. రెండూ ప్రధానంగా ట్రైగ్లిజరైడ్లే, అంటే ఒక గ్లిజరాల్ అణువుకు మూడు కొవ్వు ఆమ్లాలు అతుక్కున్న పదార్థాలు. పువ్వులు, ఆకులు, తొక్కల నుంచి ఆవిరి పట్టో, నొక్కి పిండో తీసే సుగంధ తైలాలు వేరే జాతి. వాటిలో కొవ్వు ఉండదు, ఆవిరైపోయే గుణం ఉంటుంది. ఈ రెండింటినీ ఒకే గాటన కట్టడం వల్ల చాలా పొరపాట్లు జరుగుతున్నాయి కనుక వాటి సంగతి విడిగా చెప్పాలి.

ఏ నూనె మంచిదన్న ప్రశ్నే ఎక్కువగా వినిపిస్తుంది. దానికంటే ముందు తేల్చుకోవాల్సినవి ఉన్నాయి: ఆ నూనెలో ఏ కొవ్వు ఆమ్లం ఎక్కువ, అది ముఖం మీద ఎంతసేపు ఉంటుంది, ఆ ముఖం ఎలాంటిది, బయట వాతావరణం ఎలా ఉంది. ఒకరికి మేలు చేసిన నూనె ఇంకొకరికి మొటిమలు తెప్పించడానికి కారణాలన్నీ వీటిలోనే ఉన్నాయి.

చరిత్ర

ఈజిప్టులో క్రీ.పూ. 1550 ప్రాంతానికి చెందిన ఎబర్స్ పపైరస్ అనే వైద్య గ్రంథం ముఖం మీది ముడతలకు ఒక లేపనం చెబుతుంది. అందులో సాంబ్రాణి బంక, మైనంతో పాటు మునగ జాతి చెట్టు గింజల నూనె ఉంది. గ్రీకు, రోమను వ్యాయామశాలల్లో ఒంటికి ఆలివ్ నూనె పట్టించి, వంపు తిరిగిన లోహపు పనిముట్టుతో ఆ నూనెను చెమటతో, దుమ్ముతో సహా గీకేసేవారు. 2వ శతాబ్దపు వైద్యుడు గాలెన్ ఆలివ్ నూనె, తేనెమైనం, గులాబీ నీరు కలిపి చేసిన లేపనమే ఇప్పటి కోల్డ్ క్రీములకు మూలం. జపానులో కమేలియా గింజల నూనె, పశ్చిమ ఆఫ్రికాలో షియా వెన్న, తాహితిలో తియారే పువ్వులు నానబెట్టిన కొబ్బరి నూనె, మొరాకోలో ఆర్గాన్ నూనె ఆయా నేలల మీద పెరిగిన చెట్ల నుంచి పుట్టిన సంప్రదాయాలు. ఆర్గాన్ గింజను రాళ్ల మధ్య పగలగొట్టి నూనె తీసే పనితనాన్ని యునెస్కో 2014లో మానవాళి సాంస్కృతిక వారసత్వాల జాబితాలో చేర్చింది. ఆ పని తరతరాలుగా అక్కడి అమజీగ్ స్త్రీల చేతుల్లోనే ఉంది.

భారతదేశంలో ఆయుర్వేదం అభ్యంగనాన్ని దినచర్యలో భాగం చేసింది. ముఖానికి ప్రత్యేకంగా చెప్పిన తైలాల్లో పేరున్నది కుంకుమాది తైలం. వాగ్భటుడి ‘అష్టాంగహృదయం’ ఉత్తరస్థానంలో దాని యోగం ఉంది. కుంకుమపువ్వు, మంచిగంధం, మంజిష్ఠ, మర్రి చిగుళ్ల వంటివాటిని నువ్వుల నూనెలో, మేకపాలతో కలిపి సన్నని సెగ మీద కాచి తీస్తారు. కేరళ వైద్యంలో మర్రి, రావి, మేడి, జువ్వి చెట్ల బెరడుతో చేసే నాల్పామరాది తైలం అలాంటిదే. వీటిలో మూలికల భాగం చాలా కొద్ది. చర్మాన్ని తాకేది ఎక్కువగా ఆధార తైలమే. అందువల్ల ఈ తైలాలు ఒకరికి పడతాయా లేదా అన్నది చాలా మటుకు వాటిలోని నువ్వుల నూనె లేదా కొబ్బరి నూనె పడుతుందా అన్న దాని మీద ఆధారపడుతుంది.

తెలుగు నేల మీద నువ్వుల నూనెదే పెద్దపీట. గానుగ ఆడించే తెలికివారి ప్రస్తావన తూర్పు చాళుక్యుల నాటి శాసనాల్లోనే కనిపిస్తుంది. వాళ్ల సంఘానికి అప్పట్లో బెజవాడ ఒక కేంద్రం. భోగినాడు, నరక చతుర్దశినాడు, పెళ్లికి ముందు, బాలింతకూ పసిబిడ్డకూ రోజూ తలంటు, నలుగు. ఆముదం పండే తెలంగాణ, రాయలసీమ పల్లెల్లో వంటాముదం వాడేవారు: గింజలు వేయించి, దంచి, నీళ్లలో ఉడికించి, పైకి తేలిన నూనెను తేరుకుని మళ్లీ కాచి దాచుకునేవారు. ఆదిలాబాద్ అడవుల్లో గోండులు ఇప్పపరక నుంచి తీసిన నూనెను వంటకూ, ఒంటికీ కూడా వాడుకున్నారు.

ఈ ఆచారంలో ఇప్పుడు మరుగున పడుతున్న సగం ఒకటుంది. నూనె వెనుకే పిండి వచ్చేది. నువ్వుల నూనె పట్టించి, కాసేపు నానిన తర్వాత శనగపిండితోనో పెసరపిండితోనో, కచ్చూరాలు, బావంచాలు, పసుపు కలిపిన సున్నిపిండితోనో నలిచి, వేడినీళ్లతో కడిగేవారు. తలకు కుంకుడుకాయ, ఒంటికి సున్నిపిండి. నూనెను పట్టించడం ఎంత ముఖ్యమో వదిలించడం అంతే ముఖ్యం. నూనె వల్ల మురికి, చనిపోయిన పొట్టు మెత్తబడేవి, పిండి వాటిని నూనెతో సహా లాగేసేది, చర్మం మీద పలుచని పొర మాత్రం మిగిలేది. నూనెను రాత్రంతా ముఖానికి వదిలేయడం, పొద్దునే మళ్లీ రాయడం ఈ సంప్రదాయం కాదు. అమ్మమ్మల పేరు చెప్పి ఇప్పుడు ప్రచారంలో ఉన్న చాలా పద్ధతులు అమ్మమ్మలు చేసిన దానిలో మొదటి సగాన్నే తీసుకున్నాయి.

చర్మం మీద నూనె చేసే పని

చర్మం పైపొర, స్ట్రాటమ్ కార్నియమ్, మిల్లీమీటరులో వందో వంతు నుంచి యాభయ్యో వంతు మందం మాత్రమే ఉంటుంది. ముఖం మీద ఆ పొరలో కణాల వరసలు ఒంటి మీదకంటే తక్కువ. చనిపోయిన చదును కణాలు ఇటుకల్లా పేర్చి ఉంటే, వాటి మధ్య సెరమైడ్లు, కొలెస్టరాల్, కొవ్వు ఆమ్లాలు సున్నంలా అతుకు వేస్తాయని చర్మశాస్త్రజ్ఞులు వివరిస్తారు. అమెరికా పరిశోధకుడు పీటర్ ఇలియాస్ ప్రాచుర్యంలోకి తెచ్చిన నమూనా ఇది. లోపలి నీరు ఆవిరైపోకుండా ఆపేది, బయటి సూక్ష్మజీవులు లోపలికి రాకుండా అడ్డుకునేది ఈ అతుకే.

దీనికి పైన సెబమ్ ఉంటుంది, చర్మం తనంతట తాను తయారు చేసుకునే జిడ్డు. ముఖం మీదా, మాడు మీదా చదరపు సెంటీమీటరుకు 400 నుంచి 900 దాకా జిడ్డు గ్రంథులు ఉంటాయి. మిగతా ఒంటి మీద చాలా చోట్ల 100 కూడా ఉండవు. సెబమ్‌లో సగానికి పైగా ట్రైగ్లిజరైడ్లు, వాటి నుంచి విడిపోయిన కొవ్వు ఆమ్లాలు. సుమారు నాలుగో వంతు మైనపు ఎస్టర్లు, 12 శాతం దాకా స్క్వాలీన్. కాళ్లకు పనికొచ్చిన నూనె ముఖానికి ఎందుకు బరువవుతుందో ఈ అంకెలే చెబుతాయి. కాళ్ల చర్మానికి సొంత జిడ్డు దాదాపు లేదు. పదహారేళ్ల వాళ్ల ముక్కు మీద, నుదుటి మీద అది అవసరానికి మించి ఉంది.

నూనె చర్మంలో ఇంకిపోయి లోపలికి వెళుతుందన్న నమ్మకం బలంగా ఉంది. అణుభారం 500 డాల్టన్లు దాటిన పదార్థాలు చర్మాన్ని దాటి వెళ్లడం కష్టమని ఒక లెక్క. చాలా నూనెల్లో ట్రైగ్లిజరైడు అణువు 850 డాల్టన్ల పైమాటే. సూక్ష్మదర్శినితో చేసిన పరీక్షల్లో కూడా మొక్కల నూనెలు పైపొరలో మొదటి కొన్ని వరసల దగ్గరే ఆగిపోతున్నట్టు కనిపించింది. ‘ఇంకిపోయింది’ అనిపించేది నూనె పలుచగా పరుచుకుని గరుకు కణాల సందుల్లో సర్దుకోవడమే. అయినా అది వృథా కాదు. ఆ సందులు పూడటం వల్ల చర్మం నునుపుగా తగులుతుంది, వెలుతురు సమంగా పడి మెరుస్తుంది, నీటి ఆవిరి కొంత తగ్గుతుంది. నీటిని ఆపడంలో మాత్రం ఏ మొక్క నూనె కూడా పెట్రోలియం జెల్లీకి సాటిరాదు. ఇంకో సంగతి: నూనెలో నీరు లేదు. ఎండిపోయిన చర్మానికి నూనె నీటిని ఇవ్వలేదు, ఉన్న నీటిని నిలపగలదు. స్నానం చేసి తుడుచుకున్న వెంటనే, ఇంకా తడి ఆరని ముఖానికి రాసినప్పుడే అది బాగా పనిచేయడానికి కారణం ఇదే.

లినోలీక్, ఓలీక్: అసలు తేడా

మొక్కల నూనెల గుణాన్ని నిర్ణయించేవి వాటిలోని కొవ్వు ఆమ్లాలు. ముఖం విషయంలో వాటిలో రెండింటికి ప్రాధాన్యం ఎక్కువ.

లినోలీక్ ఆమ్లాన్ని మన ఒళ్లు తయారు చేసుకోలేదు. 1929లో అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో జార్జ్ బర్, మిల్డ్రెడ్ బర్ దంపతులు కొవ్వు లేని తిండి పెట్టిన ఎలుకల చర్మం పొలుసులు రేగడం గమనించారు. ఆ మరుసటి ఏడాది వారు లినోలీక్ ఆమ్లం అత్యవసరమని తేల్చారు. పైపొర అతుకులోని ముఖ్యమైన సెరమైడ్లలో అది భాగం. 1970లలో ఈ ఆమ్లం లోపించిన రోగుల చర్మానికి పొద్దుతిరుగుడు నూనె రాస్తే పొలుసులు తగ్గినట్టు తేలింది. అంటే లోపలికి ఇంకకపోయినా, పైపొర నూనెలోని ఆమ్లాలను కొంత విడదీసుకుని వాడుకోగలుగుతోంది.

ఓలీక్ ఆమ్లం తీరు వేరు. విడి ఆమ్లంగా అది అతుకు పొరల అమరికను చెదరగొడుతుంది. మందులను చర్మం గుండా పంపాలనుకునే ఔషధ శాస్త్రజ్ఞులు దాన్ని అందుకోసమే వాడతారు. 2013లో ప్రచురితమైన బ్రిటన్ పరిశోధన ఒకటి దీన్ని నేరుగా పరీక్షించింది. 19 మంది పెద్దవాళ్ల ముంజేతులకు కొన్ని వారాల పాటు రోజుకు రెండుసార్లు నూనె రాశారు. ఆలివ్ నూనె రాసిన చోట పైపొర పటుత్వం తగ్గింది, కొద్దిగా ఎర్రబడింది. పొద్దుతిరుగుడు నూనె రాసిన చోట పటుత్వం నిలిచింది, తేమ కూడా పెరిగింది. చిన్న పరిశోధనే అయినా దీని తర్వాత పసిపిల్లల మర్దనకు ఆలివ్ నూనె సలహా ఇవ్వడానికి చాలామంది వైద్యులు వెనకాడుతున్నారు.

ఈ రంగంలో అన్నిటికంటే బరువైన ఫలితం బంగ్లాదేశ్ నుంచి వచ్చింది. ఢాకా శిశు ఆసుపత్రిలో నెలలు నిండకుండా పుట్టిన 497 మంది బిడ్డల మీద చేసిన పరిశోధన 2005లో ‘లాన్సెట్’ పత్రికలో వెలువడింది. పొద్దుతిరుగుడు నూనెతో మర్దన చేసిన బిడ్డలకు, చేయని వారితో పోలిస్తే, ఆసుపత్రిలో సోకే ఇన్‌ఫెక్షన్ల ముప్పు 41 శాతం తగ్గింది. చవకైన వంటనూనె చర్మపు అడ్డుగోడను నిలబెట్టి ప్రాణాలకు అండగా నిలిచిన సంగతి ఇది. అదే బృందం అంతకుముందు ఎలుకల మీద ఆవనూనెను పరీక్షించినప్పుడు అడ్డుగోడ కోలుకోవడం ఆలస్యమైంది. ఉత్తర, తూర్పు భారతంలో పిల్లల ఒంటికి ఆవనూనె పట్టించే అలవాటు లోతైనది. అందులోని ఘాటు పదార్థమూ, ఎరూసిక్ ఆమ్లమూ చర్మానికి మేలు చేసేవి కావు. ముఖానికి ఆవనూనె వద్దని చెప్పడానికి సంకోచించనక్కర్లేదు.

మన నూనెలు, పొరుగు నూనెలు

నువ్వుల నూనెలో ఓలీక్, లినోలీక్ రెండూ దాదాపు సమానంగా, చెరి 40 శాతం చొప్పున ఉంటాయి. సెసామిన్, సెసామోలిన్ వంటి పదార్థాల వల్ల త్వరగా చెడదు. తైలాలు కాచడానికి ఆయుర్వేదం దీన్ని ఎంచుకోవడంలో ఈ నిల్వగుణం పాత్ర తప్పకుండా ఉండి ఉంటుంది. ముఖానికి రాసి కడిగేయడానికి మంచిది.

కొబ్బరి నూనెలో సుమారు సగం లారిక్ ఆమ్లం. 24 డిగ్రీల కింద గడ్డకడుతుంది. ఫిలిప్పీన్స్‌లో చేసిన పరిశోధనల్లో ఎగ్జిమా ఉన్నవారి పొడి చర్మానికి ఇది మేలు చేసింది, చర్మం మీది స్టాఫిలోకోకస్ బ్యాక్టీరియాను తగ్గించింది. అవి ఒంటి చర్మం మీద, పొడి చర్మం మీద చేసిన పరీక్షలు. జిడ్డు ముఖం మీద రాత్రంతా ఉంచితే రంధ్రాలు మూసుకుపోయే అవకాశం ఎక్కువ. కోనసీమలో పుట్టి పెరిగినవాళ్లకు ఈ నూనె మీద ఉండే మమకారం సహజమే. ఆ తేమ గాలిలో దాన్ని జుట్టుకూ ఒంటికీ పరిమితం చేయడం మేలు.

ఆముదంలో 85 నుంచి 90 శాతం రిసినోలీక్ ఆమ్లం. ఇంత చిక్కటి జిగురు నూనె మరొకటి లేదు. లిప్‌స్టిక్కుల్లో రంగును పట్టి ఉంచడానికి వాడేది ఎక్కువగా ఇదే. కొందరికి ఆ రిసినోలీక్ ఆమ్లమే పెదవుల మీద అలర్జీ తెస్తుంది. ముఖానికి ఒంటరిగా రాయడం కంటే పలుచని నూనెలో కొద్దిగా కలిపి, అలంకరణ తొలగించడానికి వాడటం తేలిక.

ఎక్కువ మందికి తెలియని మంచి నూనెలు రెండు మన దగ్గరే పండుతున్నాయి. వికారాబాద్ జిల్లా తాండూరు వైపు నల్లరేగళ్లలో వేసే కుసుమ గింజల నూనెలో లినోలీక్ ఆమ్లం 70 శాతం దాకా ఉంటుంది. అరకు కొండల్లో పసుపు పూలతో పరుచుకునే వలిసె, అంటే వెర్రినువ్వు, నూనెలో కూడా సగానికి పైగా అదే. ద్రాక్షగింజల నూనెకు, అడవి గులాబీ కాయల గింజల నూనెకు వేలు పోసేది ప్రధానంగా ఈ ఆమ్లం కోసమే. అడవి గులాబీ నూనెలో ఆల్ఫా లినోలెనిక్ ఆమ్లం అదనంగా ఉంది, నిజమే. కానీ ఆ ఆమ్లం వల్లే అది తెరిచిన కొద్ది నెలల్లో పాడవుతుంది. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లో భారతీయ నూనెగింజల పరిశోధన సంస్థ కుసుమ మీద, ఆముదం మీద, నువ్వుల మీద దశాబ్దాలుగా పనిచేస్తోంది. ఆ జ్ఞానం పంట దిగుబడి దాకానే కాక చర్మ సంరక్షణ దాకా కూడా చేరితే రైతుకూ వినియోగదారుకూ లాభం.

తవుడు నూనెలో ఒరిజనాల్ అనే ఆక్సీకరణ నిరోధకం ఉంది, ముఖానికి తేలిక. బాదం నూనెలో ఓలీక్ మూడింట రెండు వంతుల దాకా ఉంటుంది. పొడి చర్మానికి హాయి, మొటిమల ముఖానికి బరువు. వేప, కానుగ నూనెలు గజ్జికీ పశువుల చర్మ వ్యాధులకూ వాడే మందులు. ఘాటు వాసన, చురుకు ఉన్న ఈ నూనెలను అచ్చంగా ముఖానికి రాయకూడదు.

జొజోబా నిజానికి నూనె కాదు, ద్రవ మైనం. అమెరికా, మెక్సికోల మధ్య సొనోరా ఎడారి మొక్క ఇది. 1970ల మొదట్లో అమెరికా స్పెర్మ్ తిమింగలం నూనె దిగుమతిని ఆపేసినప్పుడు దానికి బదులుగా జొజోబాకు గిరాకీ పెరిగింది. మన దేశంలో రాజస్థాన్ పొడినేలల్లో పండిస్తున్నారు. సెబమ్‌లోని మైనపు ఎస్టర్లకు దగ్గరగా ఉండటం, ట్రైగ్లిజరైడ్లు లేకపోవడం వల్ల చాలా ఏళ్లు చెడకుండా ఉండటం దీని బలాలు. ఇలాంటిదే స్క్వాలేన్. ఒకప్పుడు సొరచేపల కాలేయం నుంచి తీసేవారు. ఇప్పుడు ఆలివ్ నుంచి, చెరకు చక్కెరను పులియబెట్టి కూడా తయారు చేస్తున్నారు. జిడ్డు చర్మానికి కూడా పడే కొద్దిపాటి నూనెల్లో ఈ రెండూ ముందుంటాయి.

బావంచాల సంగతి ప్రత్యేకం. సున్నిపిండిలో మన పెద్దవాళ్లు కలిపిన ఈ గింజల నుంచి బకూచియాల్ అనే పదార్థం తీస్తారు. 2019లో ‘బ్రిటిష్ జర్నల్ ఆఫ్ డెర్మటాలజీ’లో వచ్చిన పరిశోధనలో 44 మంది 12 వారాల పాటు 0.5 శాతం బకూచియాల్ లేదా 0.5 శాతం రెటినాల్ క్రీము వాడారు. ముడతలు, మచ్చలు రెండింటితోనూ దాదాపు సమానంగా తగ్గాయి. మంట, పొట్టు రేగడం మాత్రం రెటినాల్‌తో ఎక్కువ. అయితే బావంచాల ముడి నూనెలో సోరాలెన్ ఉంటుంది. అది రాసుకుని ఎండలోకి వెళితే చర్మం కాలుతుంది, నల్లబడుతుంది. బొల్లి వైద్యంలో ఆ గుణాన్నే అతి జాగ్రత్తగా వాడతారు. శుద్ధి చేసిన బకూచియాల్‌కూ, ముడి బావంచాల నూనెకూ ఉన్న ఈ తేడాను మరిచిపోవడం ప్రాణాంతకం కాకపోయినా ముఖాన్ని నెలల తరబడి పాడుచేయగలదు.

మొటిమలు, చుండ్రు, శోభి

నూనె మొటిమలు తెస్తుందా అన్నదానికి అవుననీ కాదనీ రెండు సమాధానాలు చెప్పాలి. నూనె రాయడం వల్ల వచ్చే మొటిమలను 1970లో అమెరికా వైద్యులు తలకు రాసే పొమేడుల వల్ల నుదుటి మీద వచ్చేవిగా గుర్తించారు. 1972లో ఆల్బర్ట్ క్లిగ్‌మన్, ఓటో మిల్స్ సౌందర్య సాధనాల వల్ల వచ్చే మొటిమల గురించి రాశారు. తలనిండా నూనె పెట్టుకునే మన దేశంలో నుదుటి మీద, కణతల దగ్గర చిన్న చిన్న పొక్కులతో వచ్చేవారిని చర్మ వైద్యులు మొదట అడిగే ప్రశ్న తలనూనె గురించే.

ఒక్కో నూనెకు సున్నా నుంచి ఐదు దాకా ‘రంధ్రాలు మూసే మార్కులు’ వేసే పట్టికలు ఎక్కడ చూసినా కనిపిస్తాయి. వాటిలో చాలా వరకు కుందేలు చెవి లోపల నూనె రాసి, రోజుల తరబడి పరిశీలించి తేల్చినవి. కుందేలు చెవి మనిషి చర్మం కంటే చాలా త్వరగా మూసుకుపోతుంది. అచ్చ నూనెకు వచ్చిన మార్కు క్రీములో రెండు శాతం కలిపిన నూనెకు వర్తించదు. భారతదేశం సౌందర్య సాధనాలకు జంతువుల మీద పరీక్షలను 2014లో నిషేధించింది. కాబట్టి ఆ పాత మార్కులను స్థూలమైన సూచనగా మాత్రమే తీసుకోవాలి.

గట్టి ఆధారం ఉన్నది లినోలీక్ విషయంలో. మొటిమలు ఉన్నవారి జిడ్డులో లినోలీక్ ఆమ్లం పాలు తక్కువని 1980లలో పరిశోధకుడు డౌనింగ్ బృందం చూపించింది. జిడ్డు చర్మం వారు నూనె వాడదలిస్తే లినోలీక్ ఎక్కువగా ఉన్నవి ఎంచుకోమనడానికి ఇదే మూలం. లినోలీక్ నూనె మొటిమలను నయం చేస్తుందని మాత్రం దీనర్థం కాదు.

మలసీజియా అనే ఈస్ట్ విషయంలో జాగ్రత్త ఇంకా ఎక్కువ కావాలి. చుండ్రుకూ, ముక్కు పక్కల ఎర్రగా పొట్టు లేచే సెబోరిక్ డెర్మటైటిస్‌కూ, శోభి మచ్చలకూ దీనితో సంబంధం ఉంది. ఈ సూక్ష్మజీవికి ఆహారం కొవ్వు ఆమ్లాలే. ప్రయోగశాలలో దీన్ని పెంచేటప్పుడు ఆలివ్ నూనె పోస్తారంటే ఇక చెప్పక్కర్లేదు. కోస్తాలో వేసవి ఉక్కలో చెమటకు తోడు నూనె రాస్తే మెడ మీద, చెంపల మీద తెల్లమచ్చలు, ఒకే సైజులో దురద పొక్కులు రావడం మామూలే. వాటిని మొటిమలనుకుని ఇంకా నూనె రాస్తే పెరుగుతాయి. ఇలాంటి ముఖానికి ఏ ట్రైగ్లిజరైడ్ నూనె అయినా మానేయడమే వైద్యంలో మొదటి మెట్టు.

సుగంధ తైలాలు

నిమ్మ, నారింజ, లావెండర్, టీ ట్రీ వంటి తైలాలను ‘సహజం’ అన్న పేరుతో నేరుగా ముఖానికి చుక్కలు వేసుకునేవారు ఉన్నారు. టీ ట్రీ తైలానికి కొంత ఆధారం ఉంది: 1990లో ఆస్ట్రేలియాలో 124 మంది మీద చేసిన పరిశోధనలో 5 శాతం టీ ట్రీ జెల్ మొటిమల మీద 5 శాతం బెంజాయిల్ పెరాక్సైడ్ కంటే నెమ్మదిగానే అయినా పనిచేసింది, మంట తక్కువ. గమనించాల్సింది ఆ 5 శాతమే. అచ్చ తైలం కాదు. గాలి తగిలి ఆక్సీకరణ చెందిన టీ ట్రీ, లిమోనీన్, లినలూల్ చర్మానికి అలర్జీ తెప్పించే పదార్థాలుగా మారతాయి. బెర్గమాట్, నిమ్మతొక్కల తైలాల్లోని ఫ్యూరోకౌమరిన్లు ఎండ తగిలితే చర్మాన్ని కాల్చి నల్ల చారలు పెడతాయి. ఒకప్పుడు బెర్గమాట్ అత్తరు మెడ మీద జారిన చోట ఏర్పడే మచ్చలకు ప్రత్యేకంగా ఒక పేరే ఉండేది.

తీయడం, శుద్ధి చేయడం, నిల్వ

చెక్కగానుగ నూనెకు ఈ పదేళ్లలో ఊరూరా ఆదరణ వచ్చింది. వేడి తక్కువగా ఉండటం వల్ల రంగు, వాసన, విటమిన్ ఇ, స్టెరాల్స్ ఎక్కువగా మిగులుతాయి. రిఫైన్డ్ నూనెలో జిగురు, విడి కొవ్వు ఆమ్లాలు, రంగు తీసేసి, 200 డిగ్రీల పైన ఆవిరి పట్టి వాసన పోగొడతారు. తిండి విషయంలో గానుగ నూనె వైపు మొగ్గేవాళ్లు ముఖం దగ్గరకొచ్చేసరికి ఒకటి గమనించాలి: సున్నితమైన చర్మానికి విడి ఓలీక్ ఆమ్లం, గింజలోని ప్రోటీన్ అవశేషాలు తక్కువగా ఉన్న శుద్ధి నూనె కొన్నిసార్లు ఎక్కువ మృదువుగా ఉంటుంది. వేరుశనగ విషయంలో ఇది మరీ ముఖ్యం. దద్దురు ఉన్న పసిపిల్లల చర్మానికి వేరుశనగ నూనె కలిసిన లేపనాలు రాయడానికీ, తర్వాత వాళ్లకు వేరుశనగ అలర్జీ రావడానికీ సంబంధం ఉందని బ్రిటన్‌లో చేసి 2003లో ప్రచురించిన పరిశోధన చూపించింది.

లినోలీక్ నూనె చర్మానికి ఎంత మంచిదో నిల్వకు అంత కష్టం. ఓలీక్ కంటే లినోలీక్ ఎన్నో రెట్లు వేగంగా ఆక్సీకరణ చెందుతుంది. ముదురు రంగు సీసా, చల్లని చోటు, చిన్న పరిమాణం అవసరం. పాత నూనె వాసన వస్తే పడేయడమే. దాని నుంచి పుట్టే పెరాక్సైడ్లు చర్మాన్ని రేపుతాయి. కిటికీ గట్టు మీద, స్నానాల గదిలో వేడి నీళ్ల ఆవిరిలో నూనె సీసా పెట్టడం మానుకోవాలి.

వాడే పద్ధతి

ముఖానికి రెండు మూడు చుక్కలు చాలు. తడి ముఖం మీద, రాత్రిపూట, మిగతా లేపనాల తర్వాత చివరగా అద్దాలి. పగలు సన్‌స్క్రీన్ కింద గానీ పైన గానీ నూనె రాస్తే సన్‌స్క్రీన్ పొర చెదిరిపోవచ్చు. కొబ్బరి నూనెలో, కోరిందకాయ గింజల నూనెలో ఎండను ఆపే శక్తి ఉందన్న ప్రచారం పరీక్షనాళికల్లో వచ్చిన అంకెల మీద నిలిచింది. ఎండలో ముఖం మీద వాటిని నమ్ముకోకూడదు. కొత్త నూనెను మొదట మోచేతి మడతలో, తర్వాత దవడ పక్కన వారం రోజులు చూసి గానీ ముఖమంతా వాడకూడదు. మొటిమలు తేలడానికి అలర్జీ కంటే ఎక్కువ కాలం పడుతుంది.

కాటుక, లిప్‌స్టిక్, నీటికి కదలని సన్‌స్క్రీన్ తొలగించడానికి నూనెకు మించిన తేలిక సాధనం లేదు. పొడి ముఖం మీద పొడి చేతులతో నిమిషం సేపు రుద్ది, గుడ్డతో తుడిచి, పెసరపిండితోనో మెత్తని ఫేస్‌వాష్‌తోనో కడిగితే సరి. జిడ్డు చర్మం వారు కూడా నిశ్చింతగా వాడుకోగల పద్ధతి ఇది, ఎందుకంటే నూనె ముఖం మీద నిలవదు. మన తలంటు స్నానపు తర్కం ఇందులో చెక్కుచెదరకుండా ఉంది.

పసిపిల్లల విషయంలో ఒక అలవాటు వెంటనే ఆగాలి. స్నానం చేయించేటప్పుడు ముక్కు రంధ్రాల్లో నూనె చుక్కలు వేయడం ఇంకా చాలా ఇళ్లలో ఉంది. ఆ నూనె ఊపిరితిత్తుల్లోకి జారి నిమోనియా తెస్తుంది. వేపనూనె చుక్కలు నోట్లో వేయడం వల్ల పిల్లల కాలేయం, మెదడు దెబ్బతిన్న ఉదంతాలు వైద్య పత్రికల్లో ఉన్నాయి. పెద్దవాళ్లలో మొటిమలు పెరుగుతున్నా, చర్మం మండుతున్నా, మంగు ముదురుతున్నా నూనె మార్చి చూడటం కాకుండా చర్మ వైద్యుల దగ్గరికి వెళ్లాలి.

చట్టం, లేబులు

మన దేశంలో ముఖానికి రాసే నూనె కాస్మెటిక్స్ రూల్స్ 2020 కిందికి గానీ, ఆయుర్వేద మందుగా గానీ, వంటనూనెగా ఆహార చట్టం కిందికి గానీ వస్తుంది. ఒకే నూనె మూడు చోట్లా కనిపించవచ్చు. కొబ్బరి నూనె చిన్న ప్యాకెట్లను వంటనూనెగా లెక్కించాలా, తలనూనెగా లెక్కించాలా అన్న పన్ను వివాదం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ఆహార ప్రమాణాలకు లోబడి, తలనూనె అని ముద్రించకుండా అమ్మితే అది తినే నూనేనని 2024 డిసెంబరులో తీర్పు వచ్చింది. సౌందర్య సాధనాల లేబులు మీద పదార్థాలు ఎక్కువ పాలు ఉన్నవాటి నుంచి తక్కువ వాటికి వరసగా ఉంటాయి. ఖరీదైన నూనె పేరు ముందు పెద్ద అక్షరాల్లో ఉండి, లోపలి జాబితాలో చివరన ఉంటే సీసాలో ఉన్నది వేరే నూనె. కుంకుమాది పేరుతో వచ్చేవాటిని ఇలాగే చదవాలి. కిలో కుంకుమపువ్వుకు లక్షకు పైగా పువ్వులు కావాలి కాబట్టి మరీ చవకగా దొరికే తైలంలో అది ఎంత ఉంటుందో ఊహించుకోవచ్చు. ‘బేబీ ఆయిల్’ అని అమ్మే కొన్ని సీసాల్లో ఉండేది మొక్కల నూనె కాదు, పెట్రోలియం నుంచి శుద్ధి చేసిన మినరల్ ఆయిల్.

పొద్దుతిరుగుడు, కుసుమ నూనెలు కొనేటప్పుడు ఇప్పుడు ఇంకొకటి చూసుకోవాలి. వేపుళ్లకూ, నిల్వకూ తట్టుకుంటాయని ‘హై ఓలీక్’ రకాలను పెంచుతున్నారు. పేరు పాతదే, మొక్క పాతదే, కానీ కొవ్వు ఆమ్లాల పాళ్లు తలకిందులు. ఢాకాలో పసిబిడ్డలకు వాడిన నూనె గుణం వీటిలో ఉండదు. వంటనూనె ప్యాకెట్టు వెనక పోషక విలువల పట్టికలో బహుళ అసంతృప్త కొవ్వు 50 గ్రాములు దాటితే అది లినోలీక్ రకం, ఏక అసంతృప్త కొవ్వు 70 దాటితే ఓలీక్ రకం.